నలభై ఎనిమిది కిలోల చాంపియను పై తరగతికి ఎక్కిన రోజు

కార్తీక శుద్ధ ద్వాదశి, శనివారం, ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. ముందు రోజు మధ్యాహ్నం రెండున్నరకు పట్టిన ముసురు అప్పటికి పదహారు గంటల యాభై నిమిషాలుగా ఒకే తీరున కురుస్తోంది. గాలి తూర్పు నుంచి వీస్తోంది. నా నాడి నిమిషానికి నూట నాలుగు సార్లు కొట్టుకొంటోంది. మామూలుగా అది డెబ్బై రెండు. ఈ వివరాలన్నీ ఆనాటి నా డైరీలోనివే గాని జ్ఞాపకంలోనివి కావు. జ్ఞాపకాన్ని నేను నమ్మను. అది బంధువు వంటిది, మనకు నచ్చే మాటే చెబుతుంది. (సంవత్సరం మాత్రం ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆనాటి నా ప్రత్యర్థి వయసు బయటపడుతుంది. ఆయన తన మనవలకు వేరే అంకె చెప్పి ఉన్నాడు.)

ఆ రోజుల్లో భయానికి కూడా ఒక కొలత ఉంటుందనీ, దాన్ని కొలిచి కాగితం మీద పెట్టేస్తే ఇక అది అక్కడి నుంచి కదలదనీ నేను గట్టిగా నమ్మేవాణ్ణి. నా వయసు పంతొమ్మిది సంవత్సరాల నాలుగు నెలలు. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో ఒక కొట్టులో తూకం చీటీలు రాసే గుమాస్తాను. ఉదయం నుంచి సాయంత్రం దాకా బెల్లం దిమ్మలు కాటా ఎక్కడం, దిగడం, వాటి బరువు నేను రాయడం, ఇదీ ఉద్యోగం. కొట్టు కట్టేసే ముందు నేను కూడా అదే కాటా ఎక్కి నా బరువు చూసుకొని డైరీలో రాసుకోవడం వ్యసనం. మూడేళ్లలో నా బరువు నలభై ఆరు కిలోల తొమ్మిది వందల గ్రాములకు తగ్గలేదు, నలభై ఏడు కిలోల ఆరు వందల గ్రాములకు మించలేదు. "మార్కెట్లో ఈగలు కూడా ఒళ్లు సేసేయి గాని నువ్వు సెయ్యనేదురా" అని మా అమ్మ బాధపడేది. నేను మాత్రం ఆ నిలకడకు లోలోపల గర్వించేవాణ్ణి.

గర్వించడానికి ఇంకొక కారణం ఉంది. నేను బాక్సింగులో చాంపియన్ని. మా మేనమామ కళాసీల మేస్త్రీ, అంటే మార్కెట్టులో దిమ్మలూ బస్తాలూ మోసే వారందరికీ పెద్ద. మార్కెట్టు వెనుక ఆయన ఒక తాలింఖానా నడిపేవాడు. పగలంతా బరువులు మోసిన మనుషులు సాయంత్రం అక్కడికి వచ్చి ఒకరినొకరు కొట్టుకొని సేద తీరేవారు. ఏటా కార్తీకంలో ఒక శనివారం మార్కెట్టు షెడ్డులో పోటీలు జరిగేవి. అన్నిటి కన్నా తక్కువ తరగతి నలభై ఎనిమిది కిలోలు, దానిపైన యాభై ఒకటి, ఆపైన యాభై నాలుగు, అలా పైకి. దిమ్మలు మోసే చోట నలభై ఎనిమిదికి లోబడిన మగవాడు గుమాస్తా తప్ప ఇంకెవడుంటాడు? కనుక రెండేళ్లు వరుసగా నేనే చాంపియన్ని. ఆ రెండేళ్లలో నేను ఆడిన పోటీల సంఖ్య సున్నా. గ్లవుజులు తొడుక్కొని రింగులోకి వెళ్లి ఒక్కణ్ణే నిలబడేవాణ్ణి. రిఫరీ ఒకటిన్నర నిమిషం ఎదురు చూసి నా చెయ్యి పైకెత్తేవాడు. సాధన చేయలేదని కాదు. ఇసుక బస్తాను రోజుకు మూడు వందల సార్లు కొట్టేవాణ్ణి. దానిలో నాకు నచ్చిన గుణం, అది తిరిగి కొట్టదు.

మూడో ఏడు మా మేనమామకు ఈ వైభవం మీద విసుగు పుట్టింది. ఒక సాయంత్రం కాటా దగ్గరే, నేను బరువు చూసుకొని దిగుతుంటే పట్టుకొన్నాడు.

"ఒరే అల్లుడా, ఎవులూ నేని సోట కుర్సీ ఏసుకొని కూకున్నోడు రాజయిపోతాడేటి?"

"నియమంలో అలాగే ఉంది గదా మావయ్యా. ఎదటోడు రాకపోతే వచ్చినోడే గెలిచినట్టు."

"నియమం నాకు సెప్పకు. కళాసీలు నవ్వుతన్నారు. యాభై ఒకట్లో అయిదుగురున్నారు. ఇంత బెల్లం, ఇన్ని సెనక్కాయలు దినాం తిన్నావంటే ఉగాదికి ఎక్కేత్తావు. మూడు కేజీలు, అంతే గదా."

మూడు కిలోలంటే నా దేహంలో నూటికి ఆరు పాళ్ల పైచిలుకు అని నేను వివరించబోయాను. అసలు నా భయం ఆ పాళ్ల గురించి కాదు. ఆ అయిదుగురూ కొట్టుకోవడం నేను రోజూ చూసేవాణ్ణి, వినేవాణ్ణి కూడా. పిడికిలి దవడకు తగిలిన చప్పుడు, దిమ్మ సిమెంటు నేల మీద పడిన చప్పుడు ఒకేలా ఉంటాయి. ఆ రాత్రుళ్లు నా దవడ మీద చెయ్యి వేసుకొని పడుకొనేవాణ్ణి. (మనిషి దేహంలో ఎముకలు రెండు వందల ఆరు. వాటిలో ముఖంలోనివి పద్నాలుగు. ఈ విషయం తెలియని వాడే బాక్సింగు హాయిగా ఆడగలడు.)

నా తరఫున మాట్లాడిన వాడు ఒక్కడే, మా కొట్టు కాటాదారు. ముప్పై రెండేళ్లుగా తూకం వేస్తున్న మనిషి. అందరికీ కాటా తాత.

"మేస్త్రీ, పన్నెండు కేజీల దిమ్మ పన్నెండు కేజీల దిమ్మే. దాన్ని పదిహేనోటి పక్కన పెట్టి అమ్ముతానంటే రైతు ఊరుకుంటాడేటి?"

"మనిసి దిమ్మ కాడు తాతా."

"అది నీ మాట. నా కాటాకి ఆ తేడా తెల్దు."

తుదకు ఒక ఒడంబడిక కుదిరింది. సముద్రపు ఒడ్డున పూడిమడకలో నలభై ఎనిమిదికి దిగగలిగిన కుర్రవాడు ఒకడున్నాడని, వాణ్ణి అందరూ 'సొర' అంటారని మామకు ఎవరో చెప్పారు. (సొర అంటే మనుషుల కాళ్లు కొరికే చేప. ఈ పేరు విన్న రాత్రి నా నిద్ర రెండు గంటల పది నిమిషాలు.) వాణ్ణి పిలిపించడానికి ఉత్తరం నేనే రాశాను, షరతులూ నేనే పెట్టాను: తూకం పోటీ రోజు ఉదయమే జరగాలి, అదీ తూనికల ఇన్‌స్పెక్టరు ముద్ర పడిన మా కొట్టు కాటా మీదే జరగాలి, ఒక్క గ్రాము ఎక్కువైనా ఒప్పుకోకూడదు. మామ తన షరతు ఒకటి చేర్చాడు. వచ్చినవాడు నలభై ఎనిమిది దాటితే పోటీ ఆగదు; అల్లుడే ఆ రోజు యాభై ఒకటిలోకి ఎక్కి వాడితో ఆడాలి. ఇది చదివి కలం పక్కన పెట్టి లెక్క చూశాను. సంతకం చేయకపోతే ఉగాది నుంచి తాలింఖానాలో ఆ అయిదుగురు; చేస్తే కార్తీకంలో ఒక్కడు. అయిదు కన్నా ఒకటి తక్కువ. సంతకం చేశాను.

ఇక ఆ ఉదయం ఏడూ ఇరవైకి వస్తాను. నేను గొడుగు వేసుకొని, తల మీద తువ్వాలు కప్పుకొని, పొడిగా కాటా ఎక్కాను. నలభై ఏడు కిలోల మూడు వందల గ్రాములు. సొర బస్సు దిగి ఆ వానలో తల మీద ఏమీ లేకుండా నడిచి వచ్చాడు. చొక్కా తీసేసినా నిక్కరు నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. కాటా పలక మీద చిన్న మడుగు కట్టింది. ఇక్కడ మా మార్కెట్టు మర్యాద ఒకటి చెప్పాలి. కాటాదారు కడ్డీ చూసి అంకె పలుకుతాడు, గుమాస్తా రాస్తాడు. కడ్డీ వైపు గుమాస్తా తొంగి చూస్తే అది కాటాదారును దొంగ అన్నట్టే. నేను పుస్తకం పట్టుకొని వెనుక నిలబడ్డాను. తాత గుండు జరిపాడు, ఒక క్షణం పైకి చూశాడు, పలికాడు.

"నలభై ఏడూ, తొమ్మిది వందల డెబ్బై అయిదు."

నలభై ఎనిమిదికి ఇరవై అయిదు గ్రాములు తక్కువ. మనిషి తూకం అంత సూక్ష్మంగా తేలడం నా జీవితంలో అదే మొదటిసారి. మూడు దశాంశ స్థానాల వరకు సరిపోయిన న్యాయం అనుకొని, ఆ అంకెను ఎంతో ముచ్చటగా రాశాను. తరువాత తల ఎత్తి మనిషిని చూశాను. వల లాగి లాగి ఆ భుజాలు తలుపు చెక్కల్లా ఉన్నాయి. నా దండచేతి చుట్టుకొలత తొమ్మిదిన్నర అంగుళాలు. అతనిది కొలిచే ధైర్యం నాకు కలగలేదు.

"సూసేవా అల్లుడా, కాయితమ్మీద ఇద్దరూ ఒకటే" అన్నాడు మామ. కాగితం మీద అన్న మాట నాకు కొండంత అండగా తోచింది.

ఆ అండ పదకొండు గంటల నలభై నిమిషాల దాకా నిలిచింది. ఆ సమయానికి నేను కొట్టులో కూర్చొని, అమ్మ పంపిన ఉప్మా మింగలేక, ధైర్యం కోసం ఆ పేజీనే మళ్లీ మళ్లీ చదువుకొంటున్నాను. ఎనిమిదోసారి చదివినప్పుడు నా వేలు ఆ డెబ్బై అయిదు మీద ఆగింది. మా కాటా కడ్డీ మీద గీతలు నూరేసి గ్రాములకే ఉంటాయి. అటువంటి కడ్డీ తొమ్మిది వందలు చూపుతుంది, వెయ్యి చూపుతుంది. డెబ్బై అయిదు గ్రాములు దానికి ఎక్కడివి? పుస్తకం చంకన పెట్టుకొని వానలో పరుగెత్తాను. తాత షెడ్డు చూరు కింద చుట్ట వెలిగించుకొంటున్నాడు.

"తాతా, పొద్దున్న ఆ కుర్రోడి తూకం కడ్డీ మీద ఎంత చూసేవు?"

"యాభైన్నర."

"మరి నలభై ఏడు అన్నావు గదా."

"అన్నాను. తరుగు తీసి నికరం సెప్పేను. తడిసొచ్చేడు గదా బాబూ, కాటా నిండా నీల్లు కారిపోతంటే నువ్వు సూణ్ణేదా? తడి దిమ్మకి నూటికి అయిదు తరుగు. ఇయ్యాలొచ్చిన ఆసారమేటి ఇది?"

ముసురు రోజుల్లో బెల్లం తడి పీల్చి బరువెక్కుతుంది. అందుకని తడిసిన దిమ్మకు నూటికి అయిదు వంతులు తగ్గించి మిగిలిన నికరమే పలకడం మా కొట్టు ఆనవాయితీ. యాభైన్నరలో నూటికి అయిదు అంటే రెండు కిలోల అయిదు వందల ఇరవై అయిదు గ్రాములు. తీసివేస్తే సరిగ్గా నలభై ఏడూ తొమ్మిది వందల డెబ్బై అయిదు. తాత లెక్కలో రవ్వంత తప్పు లేదు. లోకంలో మరే ఊరి తూకందారుడూ మనిషికి తరుగు తీసి ఉండడు.

"తాతా, అతను మనిషి. దిమ్మ కాదు."

తాత చుట్ట నోటి దగ్గరే ఆగిపోయింది. తరువాత ఎంతో చిన్న గొంతుతో, "మనిసికి తరుగు తియ్యకూడదేటి?" అన్నాడు. ఆపైన, "మేస్త్రీకి సెప్పకు బాబూ. ముప్పై రెండేల్లు. మార్కెట్టంతా నవ్వుతాది" అన్నాడు.

నేను చూరు కిందే నిలబడి లెక్క వేశాను. నోరు మూసుకొంటే ఎదుటివాడు సొరే, ఆ భుజాలే. పైగా ఓడితే చాంపియన్ అనే పేరు పోతుంది. నోరు విప్పితే, నా సంతకం ప్రకారం నేను యాభై ఒకటికి ఎక్కాలి. అక్కడా ఎదుటివాడు సొరే. దెబ్బల సంఖ్య రెండు వైపులా సమానం. ఇలాంటి లెక్క తేలినప్పుడు వివేకవంతుడు చేయవలసిన పని ఒక్కటే ఉంది. చీడికాడలో మా పిన్ని ఉంది. ఆ బస్సు పన్నెండూ పదిహేనుకు బయలుదేరుతుంది. నేను బస్‌స్టాండు వైపు నడిచాను. (నడిచానని డైరీలో ఉంది. పరుగెత్తి ఉంటానని ఇప్పుడు అనుమానం. దూరాన్ని కాలంతో భాగిస్తే నడక అంత వేగంగా ఉండదు.)

చీడికాడ బస్సు వచ్చి ఉంది. మెట్టు మీద కుడి కాలు పెట్టాను. పక్కన అచ్యుతాపురం మీదుగా సముద్రపు వైపు వెళ్లే బస్సు ఉంది. దాని మెట్టు మీద కాలు పెట్టి, సంచి చంకన ఇరికించుకొని, సొర నిలబడి ఉన్నాడు.

మేమిద్దరం ఒకరినొకరు చూసుకొన్నాం. ముందు కాలు దించినది అతనే.

"నన్ను పట్టుకోడానికొచ్చేవా అన్నా?" అన్నాడు. ఆ గొంతు భుజాలకు ఏమాత్రం తగినట్టుగా లేదు.

నేను నా కాలు కూడా దించి, "ఔను" అన్నాను. ఇంకేమనగలను?

"ఎలిపోదామని కాదన్నా. బస్సు ఎన్నింటికో అడుగుదామనొచ్చేను." సంచి రెండో చంకకు మార్చుకొని, "ఎలిపోదామనే వచ్చేను. అమ్మకి సెప్పనేదు ఇలగ కొట్లాటకొచ్చేనని. పొద్దున్న మీ కళాసీలు సెప్పేరు, రెండేల్లలో నీ ఎదట ఒక్కడూ ఒక్క రౌండు నిలబడనేదంట. నిజివేనా?"

నేను అంకెలను నమ్మే మనిషిని. అడిగిన అంకె సరైనదే. "నిజమే. ఒక్కడూ నిలబడలేదు" అన్నాను. అతని ముఖంలో రంగు పోయింది. ఒక వాస్తవం అంత చక్కగా నిజమై ఉండి అంత పచ్చి అబద్ధం చెప్పగలదని నాకు అప్పుడే తెలిసింది.

"రెండు రోజులైంది కూడు తిని. యాభై మూడు నుంచి దిగేను నీకోసరం. మా పడవోల్లు పదకొండు మంది షెడ్డులో కూకున్నారు. ఎలిపోతే మల్లీ ఆ పడవ మీద కాలెట్టనివ్వరు. ఉంటే నువ్వు కొడతావు. ఏటి సెయ్యమంటావు సెప్పు."

అతని భయం చూశాక నా భయం తగ్గిందని రాయాలని ఉంది గాని తగ్గలేదు. ఇద్దరు భయపడితే ఒకరి భయం సగమవుతుందని గణితంలో ఎక్కడా లేదు. అయినా ఆ మనిషి ముందు ఆ తప్పు తూకం దాచుకోవడం నావల్ల కాలేదు.

"నీ తూకం నలభై ఎనిమిది లోపు కాదు. యాభైన్నర. పుస్తకంలో తప్పు పడింది."

"అయితే పంపించేత్తారా?" అన్నాడు, ఎంతో ఆశగా.

"లేదు. నేనే యాభై ఒకటికి ఎక్కి నీతో ఆడాలి."

సొర నా వైపు నోరు తెరచుకొని చూశాడు. "నువ్వు పైకెక్కి మరీ కొడతావా? నానేటి సేసేనన్నా నిన్ను?"

ఈలోగా పన్నెండూ పదిహేను అయింది, చీడికాడ బస్సు కదిలిపోయింది. రెండు నిమిషాల తరువాత అతని బస్సూ వెళ్లిపోయింది. ఒకే గొడుగు కింద మేమిద్దరం మార్కెట్టుకు తిరిగి వచ్చాం. అతను పారిపోకుండా నేను కాపలా. నేను పారిపోకుండా అతను కాపలా, కాకపోతే ఆ సంగతి అతనికి తెలియదు. దారిలో ఒక హోటలు ముందు ఆగి, "తినెయ్. ఇక బరువుతో పని లేదు" అన్నాను. ఏడు ఇడ్డెన్లు తిన్నాడు. ఎనిమిదోది సగంలో ఆపి, "ఎక్కువ తింటే కొట్టినప్పుడు కక్కుతానేమో" అని నన్నే సలహా అడిగాడు.

మామ షెడ్డులో రింగు తాళ్లు బిగిస్తున్నాడు. నాలుగు సరుగుడు గుంజలు, ఎండిన చెరకు పిప్పి పరిచి దాని మీద టార్పాలిను. నేను పుస్తకం తెరచి చూపించాను. నలభై ఏడు కొట్టివేసి యాభైన్నర రాసి, పక్కన 'గుమాస్తా రాతలో పొరపాటు' అని చేర్చి ఉన్నాను. నా చేతి మీదుగా వెళ్లిన పుస్తకాల్లో తెలిసి రాసిన అబద్ధం ఆ ఒక్క వాక్యమే. తాత కాటా పక్కన తల వంచుకొని గుండ్లు తుడుస్తున్నాడు. అవి అప్పటికే మెరుస్తున్నాయి.

మామ ఆ వాక్యాన్ని చదివాడు. తాత వైపు చూశాడు. మళ్లీ నా వైపు చూశాడు.

"నువ్వు రాతలో తప్పు సేసేవా?"

"చేశాను మావయ్యా."

"ఇప్పుడేటవుద్దో తెలుసా?"

"యాభై ఒకటికి ఎక్కాలి."

"భయమేత్తందా?"

"నూట పద్దెనిమిది" అన్నాను.

అది నాడి లెక్క అని ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. నా వీపు మీద చరిచాడు. ఆ రోజు నేను తిన్న మొదటి దెబ్బ అదే. తరువాత గుంజ ఎక్కి, చాంపియను తనంతట తానే పై తరగతికి ఎక్కుతున్నాడని షెడ్డంతటికీ చాటాడు. రెండేళ్లుగా నన్ను చూసి నవ్విన కళాసీలు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ చప్పట్లు దిమ్మలు వరుసగా నేల మీద పడుతున్నట్టు వినిపించాయి.

మూడు గంటలకు పోటీ. మూడు నిమిషాల రౌండ్లు మూడు. రిఫరీ సబ్బవరం నుంచి వచ్చిన ఒక డ్రిల్లు మాస్టారు; కోపం ఎక్కువ, ఈల ఇంకా ఎక్కువ. మొదటి రౌండులో నేను వేసిన దెబ్బలు సున్నా, సొర వేసినవి సున్నా. మూడు నిమిషాల పాటు మేమిద్దరం చేతులు ముఖానికి అడ్డం పెట్టుకొని, నిప్పుల చుట్టూ తిరిగినట్టు రింగు చుట్టూ తిరిగాం. కళాసీలు మొదట ఓపిక పట్టారు.

"బావా, పెల్లి సూపులకొచ్చేరేటి? మాటాడుకోండి."

"ఒరే, ఆల్లిద్దరికీ ఎవులైనా సుట్టరికం కలపండ్రా."

పడవ వాళ్లలో ఒకడు, "మా సొరకి ఆకలేత్తందేమో, సేప సూపించండి" అన్నాడు. డ్రిల్లు మాస్టారు అందరి మీదా ఈల వేశాడు.

రెండో రౌండు మొదలైన నలభై సెకన్లకు నా ఎడమ చెయ్యి ముందుకు వెళ్లింది. నేను పంపించానని చెప్పలేను. ఇసుక బస్తా ముందు రోజుకు మూడు వందల సార్లు వెళ్లిన చెయ్యి, అలవాటు కొద్దీ వెళ్లి ఉంటుంది. అది సొర ముక్కుకు తగిలింది. బస్తా కన్నా మెత్తగా ఉంది, వెచ్చగా ఉంది. నేను దిగ్భ్రమతో చేతులు దించేసి, "తగిలిందా?" అని అడిగాను.

ఆ ప్రశ్నకు వచ్చిన జవాబును నేను చూడలేదు. నా ఎడమ దవడ దగ్గర ఒక వెలుగు, తరువాత వీపు కింద టార్పాలిను, పైన షెడ్డు రేకులు. రేకుల మీద వాన చప్పుడు మాత్రం ఎంతో స్పష్టంగా ఉంది. నొప్పి ఇంకా చేరలేదు, భయం మాత్రం ముందే వచ్చి నా ఛాతీ మీద కూర్చొంది. లేస్తే ఇంకొకటి పడుతుంది. లేవకపోతే పది అంకెలు. పదితో అంతా ముగుస్తుంది, ఇంటికి వెళ్లవచ్చు. ఆ క్షణంలో పది నాకు ఎంతో చక్కని అంకెగా తోచింది. కళ్లు మూసుకొని దాని కోసం ఎదురు చూడసాగాను. డ్రిల్లు మాస్టారు నా పక్కన వంగి లెక్క మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. పక్కన ఎవరో కళాసీ తాడు ఎక్కి లోపలికి తొంగి చూసినట్టున్నాడు. నాలుగు. "ఒరే, తాడు దిగు." ఆరు.

నేను కళ్లు తెరిచాను.

ఐదు లేదు. ముద్ర పడిన కాటా మీద తప్పు జరిగింది, పోనీ. పుస్తకంలో నా చేత్తో నేనే అబద్ధం రాశాను, పోనీ. కాని పది వరకు లెక్కపెట్టే పనిలో కూడా ఒక అంకె మాయమైతే ఇక లోకంలో దేన్ని పట్టుకొని బతకాలి? ఏడు అన్నాడాయన. నేను మోచేతి మీద లేచాను, మోకాలి మీద లేచాను, ఎనిమిది అనే సరికి రెండు కాళ్ల మీద నిలబడి ఉన్నాను. నోట్లో పళ్ల కవచం ఉండటం వల్ల, "ఐదు అనలేదండీ" అన్న నా ఫిర్యాదు మాస్టారికి ఏదో మూలుగులా వినిపించింది. నేను ఒక చేతి గ్లవుజు పైకెత్తి చూపించాను. గ్లవుజులో ఐదు వేళ్లు కనబడవు. ఆయన దాన్ని పోరాటానికి సిద్ధమన్న సైగగా తీసుకొని, నా గ్లవుజులు తుడిచి, "కానీ" అన్నాడు. షెడ్డు దద్దరిల్లింది.

సొర ముఖంలో కనిపించిన నిరాశను నేను మరచిపోలేను. కొట్టిన దెబ్బతో పని అయిపోయిందని అతను సంతోషించి ఉన్నాడు. ఇక మిగిలిన నాలుగు నిమిషాల పైచిలుకు ఇద్దరం కొట్టుకొన్నాం. భయం తగ్గి కాదు, ఇక చేయగలిగిన పని వేరే లేక. నేను తిన్నవి పదిహేడు వరకు లెక్కపెట్టాను. తరువాత లెక్క తప్పింది. జీవితంలో లెక్క తప్పిన సందర్భం అది ఒక్కటే. సొర గెలిచాడు. అతని చెయ్యి పైకెత్తినప్పుడు అతను రెండో చేత్తో నా భుజం పట్టుకొని, "నువ్వు లెగుత్తావనుకోనేదన్నా" అన్నాడు. అందులో మెప్పు ఎంతో, ఫిర్యాదు అంత. పడవ వాళ్లు అతన్ని ఎత్తుకొని వానలోకి వెళ్లిపోయారు.

కాటా తాత ఒక బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని తినలేకపోయాను. నమిలే అవకాశం మూడు రోజుల దాకా లేదు. మామ మాత్రం ఊరంతా చెప్పుకొన్నాడు: మా అల్లుడు తనకు తానుగా పై తరగతికి ఎక్కాడు, పడ్డాడు, అయినా లేచాడు, అది గుండె అంటే. మామ పోయే దాకా అదే చెప్పాడు. నేను లేచింది ఒక అంకె గురించి తగాదా పెట్టుకోవడానికని ఆయనకు చెప్పాలని చాలాసార్లు నోటి దాకా వచ్చింది. పుస్తకంలో తప్పు దిద్దడం తేలిక, మనిషి సంతోషంలో దిద్దడం కష్టం.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో ఎక్కడెక్కడివో పోటీలు చూస్తూ, చాంపియనైన వాడు పై తరగతికి వెళ్లాలా, ఉన్నచోటే ఉండాలా అని నన్ను అడుగుతూ ఉంటుంది. నాకు ఉన్న అనుభవం ఒక్కటే. ఒక్క అంకెకు సగటు కట్టకూడదు, కనుక అభిప్రాయం చెప్పను. డైరీలో ఆ శనివారం పేజీని మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లు తెరుస్తాను. వాచిన దవడతో, ముక్కు కింద ఎండిన నెత్తురుతో, వానలో తడిసి ముద్దయి ఒక మనిషి అందులో కనిపిస్తాడు. నలభై ఏడు కిలోల మూడు వందల గ్రాములు. లోకంలోని భయమంతా ఒంట్లో పెట్టుకొని కూడా, ఎవడో ఒక అంకె మింగేశాడన్న కోపంతో లేచి నిలబడ్డాడు. వాణ్ణి చూస్తే నవ్వు వస్తుంది. ఆ తరువాత ఇన్నేళ్లలో నేను అంతకన్నా మంచి కారణంతో లేచి నిలబడిన సందర్భాలు ఉన్నాయేమోనని వెతుకుతాను. అంతగా లేవు.

రిఫరీ పలికిన చివరి అంకె ఎనిమిది. మధ్యలో ఐదు లేదు గనుక, అసలు లెక్క ఏడు.